చలి కొండలకు తేలికపాటి ఫ్లీస్ జాకెట్ ఎంచుకోవడం ఎలా: సమగ్ర మార్గదర్శి

కేదార్‌కంఠ శిఖరానికి తెల్లవారుజామున 3 గంటలకు బయలుదేరాం. ఉత్తరాఖండ్ కొండల్లో జనవరి నెల. హెడ్‌ల్యాంప్ వెలుగు పడినంత మేర మంచు తప్ప ఏమీ లేదు. నేను లోపల థర్మల్, దాని మీద లావుపాటి ఫ్లీస్ (నూగు లేపిన పాలిస్టర్ బట్టతో కుట్టిన జాకెట్), ఆ పైన గాలిని ఆపే జాకెట్ వేసుకుని జిప్పులన్నీ గడ్డం దాకా లాక్కున్నాను. మా గైడ్ కొండ కింద ఉన్న సాంక్రీ ఊరి కుర్రాడు. నన్ను చూసి, "ఇప్పుడే అన్నీ వేసుకోకండి దీదీ, పది నిమిషాల్లో ఉక్కపోస్తుంది" అన్నాడు. హన్మకొండలో పెరిగిన నాకు అంత చలి కొత్త. భయమేసి, ఒక్కటి కూడా తియ్యలేదు.

అరగంట ఎక్కాక నా వెనకాలే వస్తున్న మా పిన్ని కొడుకు, "అక్కా, నీ మెడ దగ్గర నుంచి ఆవిరి లేస్తోంది" అన్నాడు. చెయ్యి పెట్టి చూసుకుంటే బ్యాగు కింద ఫ్లీస్ పూర్తిగా తడిసిపోయి ఉంది. ఎక్కుతున్నంతసేపూ ఇబ్బంది తెలియలేదు. శిఖరం కింద గట్టు మీదికి రాగానే గాలి మొదలైంది. పైనున్న వాళ్లు దిగి దారి ఇచ్చేదాకా అక్కడ పావుగంట నిలబడ్డాం. ఆ పావుగంటలో తడి బట్ట వీపుకు అతుక్కుని ఐసుగడ్డలా అయింది. పళ్లు టకటకా కొట్టుకున్నాయి, వేళ్లు కొంకర్లు పోయాయి. ఫ్లాస్కు మూత కూడా తిప్పలేకపోయాను. మా తమ్ముడే తిప్పి, టీ పోసి, గ్లాసు నా నోటి దగ్గర పెట్టాడు.

ఆ రోజు నాకు చలి వేసింది బట్టలు చాలక కాదు, చెమట బయటికి పోయే దారి లేక. ఎండ ప్రాంతాల నుంచి కొండలకు వెళ్లే మనవాళ్లలో చాలామంది చేసే పొరపాటు ఇదే. చలి అనగానే షాపులో ఉన్నవాటిలోకెల్లా మందంగా, మెత్తగా ఉన్న ఫ్లీస్ తీసుకుంటాం. నడిచే మనిషికి కావలసింది పల్చటిది, ఊపిరాడేది, తడిసినా గంటలో ఆరేది. అలాంటిదాన్ని గుర్తుపట్టి కొనే పద్ధతి వరసగా చెబుతాను.

1. ముందు మీ చలి ఏదో తేల్చుకోండి

జాకెట్ చూడకముందే రెండు ప్రశ్నలకు జవాబు కావాలి. ఎంత చలిలోకి వెళ్తున్నారు? అక్కడ నడుస్తారా, కూర్చుంటారా?

మొదటిదానికి చిన్న లెక్క ఉంది. పైకి వెళ్లే కొద్దీ ప్రతి 1000 మీటర్లకు ఉష్ణోగ్రత సగటున 6.5 డిగ్రీలు తగ్గుతుంది. ఉత్తరాఖండ్ ఉత్తరకాశీ జిల్లాలోని సాంక్రీ సుమారు 1950 మీటర్ల ఎత్తున ఉంది. కేదార్‌కంఠ శిఖరం సుమారు 3800 మీటర్లు. అంటే కింద ఊళ్లో 5 డిగ్రీలు ఉన్నప్పుడు పైన సున్నాకు 7 డిగ్రీలు దిగువన ఉంటుందని అనుకోవచ్చు. దీనికి గాలి తోడవుతుంది. థర్మామీటరు మైనస్ 5 చూపిస్తున్నా, గంటకు 30 కిలోమీటర్ల గాలి వీస్తే ఒంటికి మైనస్ 13లా తగులుతుంది.

మన దగ్గరి చలి వేరు. సుమారు 1000 మీటర్ల ఎత్తున్న లంబసింగిలో డిసెంబర్, జనవరి తెల్లవారుజాముల్లో 10 డిగ్రీల లోపుకు దిగడం మామూలే, కొన్ని రోజులు సున్నా దగ్గరికీ వెళ్తుంది. పాడేరు దగ్గర వంజంగి కొండకు మేఘాలు చూడ్డానికి చీకట్లో ఎక్కేవాళ్లకూ, ఆదిలాబాద్ వైపు పొద్దున్నే అడవుల్లో తిరిగేవాళ్లకూ దాదాపు ఇదే చలి. ఈ చోట్లకు పల్చటి ఫ్లీస్, దాని మీద గాలి ఆపే ఒక పొర ఉంటే చాలు.

రెండో ప్రశ్న ఇంకా ముఖ్యం. బ్యాగు మోస్తూ ఎత్తు ఎక్కే ఒళ్లు పొయ్యిలా వేడి పుట్టిస్తుంది. వ్యూ పాయింట్ దగ్గర కుర్చీ వేసుకుని సూర్యోదయం కోసం చూసే ఒళ్లు ఆ వేడి పుట్టించదు. మా అమ్మను లంబసింగి తీసుకెళ్లినప్పుడు ఆమెకు మందపాటి ఫ్లీసే కొన్నాను, ఎందుకంటే ఆమె కారు దిగి నాలుగడుగులు వేసి కూర్చుంటుంది. అదే జాకెట్ వేసుకుని నేను కొండెక్కితే మళ్లీ కేదార్‌కంఠ కథే. కాబట్టి ఇంట్లో అందరికీ ఒకే రకం కొనకండి.

2. ఫ్లీస్ పని ఎక్కడ మొదలై ఎక్కడ ఆగుతుందో తెలుసుకోండి

చలికి మూడు పొరలు వేసుకోవడం కొండలెక్కేవాళ్లందరూ పాటించే పద్ధతి. ఒంటికి తగిలే మొదటి పొర చెమటను పీల్చి పైకి పంపాలి. మధ్య పొర వేడిని పట్టి ఉంచాలి. పై పొర గాలినీ మంచునూ వాననూ ఆపాలి. ఫ్లీస్ మధ్య పొర. దానికి ఈ ఒక్క పనే అప్పగించాలి.

ఈ మాట ఎందుకంటే, ఫ్లీస్ గాలిని ఆపదు. అది లోపం అనుకుని చాలామంది గాలి చొరబడని ఫ్లీస్ వెతుకుతారు. గాలి ఆడటమే దాని గుణం. నడుస్తున్నప్పుడు మీ ఒంటి ఆవిరి ఆ దారినే బయటికి పోతుంది. గాలి ఆపాల్సి వచ్చినప్పుడు పై జాకెట్ వేసుకుంటారు, అక్కర్లేనప్పుడు తీసి బ్యాగులో పెడతారు. రెండు పనులూ ఒకే బట్టకు అంటగడితే, తీయాలన్నా వేయాలన్నా రెండూ ఒకేసారి పోతాయి.

మొదటి పొర విషయంలో ఒక్క హెచ్చరిక. మంచి ఫ్లీస్ కొని, దాని కింద నూలు బనియనో, కాలేజీ టీషర్టో వేసుకుంటే డబ్బు దండగే. నూలు చెమటను తాగేసి తనలోనే ఉంచుకుంటుంది. నీరు గాలి కంటే సుమారు 24 రెట్లు వేగంగా వేడిని లాగేస్తుంది, అందుకే తడి బనియను అంత చల్లగా తగులుతుంది. పాలిస్టర్ పోగు తన బరువులో ఒక శాతం కూడా తేమ పీల్చదు. చెమట పోగుల మధ్య ఉంటుందే తప్ప పోగులోకి వెళ్లదు, విదిలిస్తే రాలిపోతుంది, ఒంటి వేడికే ఆరిపోతుంది. అందుకని లోపల పాలిస్టర్ లేదా మెరీనో ఉన్ని ఉండాలి. మరి అల్మారాలో ఉన్న నాన్న పాత ఉన్ని స్వెటర్ మాటేమిటని కొందరు అడుగుతారు. ఉన్ని మంచిదే. తేమ పట్టినా కొంత వెచ్చదనం నిలుస్తుంది, వాసన తక్కువ. కానీ చేతి అల్లిక స్వెటర్ బరువు, తడిస్తే మరింత బరువు, ఆరడానికి రోజులు పడుతుంది. సాయంత్రం టెంటులో వేసుకోవడానికి అది హాయిగా ఉంటుంది.

3. బట్టను చదవడం నేర్చుకోండి

అసలు విషయం ఇక్కడే ఉంది, నెమ్మదిగా చదవండి.

ఫ్లీస్ అంటే పాలిస్టర్ దారంతో అల్లిన బట్ట. అల్లాక దాని ముఖాన్ని సన్నటి తీగ పళ్లతో గీకి నూగు లేపుతారు. ఆ నూగులో గాలి చిక్కుకుంటుంది. కదలని గాలి వేడిని బయటికి పోనివ్వదు. మనకు వెచ్చదనం ఇచ్చేది నిజానికి ఆ గాలే, బట్ట దాన్ని పట్టుకుని కూర్చునే బుట్ట లాంటిది. మనం రోజూ వేసుకునే నూలు టీషర్టు సాధారణంగా చదరపు మీటరుకు 160 నుంచి 180 గ్రాములు తూగుతుంది. పల్చటి ఫ్లీస్ 100 గ్రాములే. టీషర్టు కంటే తేలికైన బట్ట టీషర్టు కంటే ఎంతో వెచ్చగా ఉండటానికి కారణం ఆ నూగే.

ఈ బట్టను 1979లో అమెరికాలోని మసాచుసెట్స్ రాష్ట్రం, లారెన్స్ పట్టణంలో ఉన్న మాల్డెన్ మిల్స్ తయారుచేసింది. కొండలెక్కేవాళ్ల బట్టలు కుట్టే పాటగోనియా కంపెనీతో కలిసి దాన్ని మెరుగుపరిచింది, 1985లో సించిల్లా పేరుతో కొత్త రకం వచ్చింది. మాల్డెన్ మిల్స్ ఆ తొలి బట్టకు పేటెంట్ తీసుకోలేదు. అందుకే ఇవాళ ప్రపంచంలో ఎవరైనా దాన్ని నేయవచ్చు, మన పేవ్‌మెంట్ మీద గుట్టగా పోసి అమ్మేదీ, పది వేలు దాటే జాకెటూ రెండూ ఫ్లీసే. పేరు ఒకటే అయినా లోపలి సంగతి వేరువేరు. కాబట్టి లేబుల్ మీద 'ఫ్లీస్' అన్న మాట చూసి ఏమీ తేల్చుకోలేం. చూడాల్సింది బరువు, నేత.

బరువుకు మాల్డెన్ మిల్స్ తెచ్చిన పోలార్‌టెక్ బట్టల నుంచి వచ్చిన 100, 200, 300 అన్న అంకెలు ఇప్పటికీ వాడుకలో ఉన్నాయి. ఇవి ఇంచుమించు చదరపు మీటరుకు గ్రాములు. షాపుల్లో దీన్నే జీఎస్ఎం అంటారు.

100 రకాన్నే మైక్రో ఫ్లీస్ అంటారు. నూగు పొట్టిగా, బట్ట పల్చగా ఉంటుంది. మధ్య సైజు జాకెట్ 200 నుంచి 300 గ్రాముల లోపు తూగుతుంది. నడిచేవాళ్లకు నేను మొదట చెప్పేది ఇదే. 200 రకం మందం, ఆగి ఉన్నప్పుడు బాగుంటుంది, తక్కువ వేగంతో నడిచేవాళ్లకూ పనికొస్తుంది. జాకెట్ 350 నుంచి 450 గ్రాముల దాకా ఉంటుంది. 300 రకం అర కేజీ దాటుతుంది, బ్యాగులో సగం చోటు తినేస్తుంది. అంత వెచ్చదనం కావాలంటే ఆ బరువుకు డౌన్ జాకెట్ (పక్షుల మెత్తటి ఈకలు నింపినది) ఎన్నో రెట్లు మేలు. ట్రెక్కింగ్‌కు 300 రకం కొనవద్దు.

ఇప్పుడు నేత. జాకెట్‌ను లోపలి వైపుకు తిప్పి చూడండి. కొన్నింటిలో నూగు అంతటా సమానంగా ఉంటుంది. కొన్నింటిలో చిన్న చిన్న చతురస్రాలు ఉబ్బెత్తుగా, వాటి మధ్య పల్చటి గీతలు ఉంటాయి. చూడ్డానికి వరి మడుల మధ్య కాలువల్లా ఉంటుంది. దీన్ని గ్రిడ్ ఫ్లీస్ అంటారు. ఉబ్బెత్తు గళ్లు గాలిని పట్టి ఉంచుతాయి, మధ్య కాలువల గుండా చెమట ఆవిరి జారుకుంటుంది. అదే వెచ్చదనానికి బట్ట తక్కువ పడుతుంది, మడిస్తే చిన్నదవుతుంది. నేను కేదార్‌కంఠ నుంచి వచ్చాక కొన్నది ఇలాంటిదే, ఆ తర్వాత చేసిన ట్రెక్కులన్నీ దానితోనే చేశాను. ధర మామూలు మైక్రో ఫ్లీస్ కంటే ఎక్కువ. ఏడాదికి రెండు మూడుసార్లు కొండలకు వెళ్లేవాళ్లకు ఆ తేడా పెట్టవచ్చని నా అభిప్రాయం. ఒక్కసారి వెళ్లొచ్చేవాళ్లకు మైక్రో ఫ్లీస్ చాలు.

ఇంకో రకం ఈ మధ్య బాగా కనిపిస్తోంది. నూగు పొడుగ్గా, బట్ట దోమతెరలా ఖాళీ ఖాళీగా ఉండి, వెలుగుకు పెడితే అవతలి మనిషి కనిపిస్తాడు. పోలార్‌టెక్ ఆల్ఫా ఈ కోవలోది. అమెరికా సైన్యంలోని ప్రత్యేక దళాల కోసం పుట్టింది. ఎంతో తేలిక, చెమట నిలవనే నిలవదు. కానీ సున్నితం, కొమ్మ తగిలితే పోగు లేస్తుంది, పైన గాలి ఆపే పొర లేకపోతే ఏమీ వేసుకోనట్టే ఉంటుంది. మొదటి ఫ్లీస్‌గా ఇది వద్దు.

గొర్రె బొచ్చులా ఉండలు ఉండలుగా ఉండే షెర్పా ఫ్లీస్ చూడ్డానికి ముద్దుగా ఉంటుంది. పేరులో షెర్పా ఉంది కదా, హిమాలయాలకు అదే సరైనదేమో అనిపిస్తుంది. అది ఊళ్లో వేసుకునే బట్ట. చోటు ఎక్కువ తింటుంది, నిదానంగా ఆరుతుంది, మంచు ఆ ఉండల్లో చిక్కుకుపోతుంది. అలాగే రెండు బట్టల మధ్య పల్చటి ప్లాస్టిక్ పొర అతికించిన విండ్‌ప్రూఫ్ ఫ్లీస్‌ను బైక్ మీద వెళ్లేవాళ్లకు వదిలేయండి. బైక్ మీద కూర్చున్న ఒళ్లు చెమట పట్టదు, గాలి మాత్రం ఎదురుగా కొడుతుంది, వాళ్లకు అది బాగా పనికొస్తుంది.

4. షాపులో చేతులతో పరీక్షించండి

లేబుల్ మీద జీఎస్ఎం రాసి ఉండకపోవచ్చు. అమ్మే అబ్బాయికి తెలియకపోవచ్చు. అప్పుడు మీ చేతులు, నోరు, కళ్లు చాలు. నేను ప్రతిసారీ చేసే పని ఇది.

మొదట జాకెట్ వీపు భాగాన్ని రెండు చేతులతో కొంచెం సాగదీసి ట్యూబ్‌లైటుకు ఎదురుగా పట్టుకుంటాను. పల్చటి మంచి ఫ్లీస్‌లో వెలుగు సన్నటి చుక్కలుగా, అంతటా ఒకేలా వస్తుంది. ఒకచోట గుంపుగా, ఇంకోచోట ఖాళీగా కనిపిస్తే నూగు సరిగా లేపలేదని అర్థం. నాలుగు వాడకాలకే ఆ ఖాళీ చోట్ల బట్ట నున్నగా అరిగిపోతుంది.

తర్వాత ఆ బట్టను పెదవులకు ఆనించి గట్టిగా ఊదుతాను. అరచెయ్యి అవతలి వైపు పెట్టుకుంటే గాలి ఎంత వస్తోందో తెలుస్తుంది. వేడి నిట్టూర్పు చేతికి తగిలితే మీ చెమట ఆవిరికీ దారి ఉందన్నమాట. అసలు రాకపోతే లోపల పొర అతికించారు, పక్కన పెట్టేయండి. మాస్కు పెట్టుకుని ఈ పరీక్ష చేసినా ఫలితం తెలుస్తుంది, షాపువాళ్లు అభ్యంతరం చెప్పరు.

మూడోది, బట్టను పిడికిట్లో నలిపి పది లెక్కపెట్టి వదలండి. నూగు వెంటనే పైకి లేవాలి. అణిగిపోయి ముడతలు పడి ఉండిపోతే బ్యాగులో రెండు రోజులు ఉన్నాక దానిలో గాలి పట్టే చోటే ఉండదు.

నాలుగోది, లోపలి వైపు కనపడని చోట అరచేత్తో ఇరవైసార్లు గట్టిగా రుద్దండి. చెయ్యి తీసి చూస్తే పీచు అంటుకుని ఉన్నా, బట్ట మీద చిన్న ఉండలు లేచినా వదిలేయండి. బ్యాగు పట్టీ రోజుకు ఎనిమిది గంటలు భుజాన్ని ఇంతకంటే గట్టిగా రుద్దుతుంది.

ఇంటికి తెచ్చాక వంటింటి తూకంలో ఒకసారి పెట్టి చూడండి. ఆన్‌లైన్‌లో కొంటే ముందే బరువు ఎంతో చదవండి. మధ్య సైజు ఫుల్ జిప్ జాకెట్ 300 గ్రాములు దాటితే అది మీరు వెతుకుతున్న తేలికపాటిది కాకపోవచ్చు.

5. వేసుకుని చూడటం

ట్రయల్ రూముకు మీ థర్మల్ వేసుకుని వెళ్లండి, వీలైతే పై జాకెట్ కూడా తీసుకెళ్లండి. పల్చటి చొక్కా మీద సరిపోయినది థర్మల్ మీద బిగుతవుతుంది. అలాగని వదులుగా కొంటే లోపలి వెచ్చటి గాలి కింది అంచు నుంచి బయటికి పోతుంది, చల్లటిది లోపలికి వస్తుంది. ఛాతీ దగ్గర బట్టను రెండు వేళ్లతో పట్టుకుంటే ఒక అంగుళం లేవాలి, అంతే.

రెండు చేతులూ పైకెత్తండి. కింది అంచు నడుము దాటి పైకి లేస్తే, మీరు రాయి పట్టుకుని ఎక్కిన ప్రతిసారీ వీపు కింద చల్లగాలి తగులుతుంది. చేతులు ముందుకు చాచి మిమ్మల్ని మీరే కౌగిలించుకోండి. భుజాల వెనక పట్టేయకూడదు. చేతి అంచు మణికట్టు ఎముకను దాటాలి. ఇప్పుడు పై జాకెట్ వేసుకోండి. బిగుతై ఫ్లీస్‌ను నొక్కేస్తే నూగులో గాలి ఉండదు, గాలి లేకపోతే వెచ్చదనం లేదు. అలాంటప్పుడు మార్చాల్సింది పై జాకెట్ సైజు.

ఆడవాళ్లకు ఒక మాట. మగవాళ్ల జాకెట్లు తుంటి దగ్గర ఇరుకుగా ఉంటాయి. అది పైకి జరిగి నడుము దగ్గర ముడతలు పడుతుంది, ఆ ముడతల మీద బ్యాగు బెల్టు నొక్కుకుని సాయంత్రానికి చర్మం ఎర్రగా కందిపోతుంది. మన కొలతలకు సరిపోయేది దొరికేదాకా రెండు మూడు షాపులు తిరగడం మంచిది.

భుజం మీద కుట్టు ఎక్కడుందో వేలితో తడమండి. సరిగ్గా బ్యాగు పట్టీ పడే చోట లావుపాటి కుట్టు ఉంటే మూడో రోజుకు అది ముల్లులా గుచ్చుతుంది.

6. జిప్పు, హుడ్, జేబులు

ఛాతీ దాకా ఉండే హాఫ్ జిప్ తేలిక, జిప్పు పొట్టిది కాబట్టి కింద బ్యాగు బెల్టుకు అడ్డురాదు. ఫుల్ జిప్ వేసుకోవడం, తీయడం సులువు. గ్లౌజులతో, చీకట్లో, మంచులో నిలబడి తల మీంచి బట్ట లాగడం కష్టం. మొదటిసారి వెళ్లేవాళ్లు ఫుల్ జిప్పే తీసుకోండి. పైన గడ్డానికి తగిలే చోట జిప్పు మొనను కప్పే చిన్న బట్ట ముక్క ఉండాలి. లేకపోతే మైనస్ డిగ్రీల్లో ఆ లోహం గడ్డానికి తగిలి చుర్రుమంటుంది.

హుడ్ ఉంటే నిద్రలో పనికొస్తుంది, కానీ మెడ దగ్గర పోగుపడుతుంది. మంకీ క్యాప్ ఉన్నవాళ్లకు హుడ్ అవసరం లేదు. జేబులు నడుము కంటే పైన, బెల్టు తగలనంత ఎత్తున ఉండాలి. ఛాతీ జేబు ఒకటి ఉంటే ఫోన్ అక్కడ పెట్టుకోండి, చలికి బ్యాటరీ త్వరగా దిగిపోకుండా ఒంటి వేడి కాపాడుతుంది. బొటనవేలు దూర్చే కన్నం ఉంటే సంతోషం, లేకపోయినా నష్టం లేదు.

7. ఎంత పెట్టాలి, ఎక్కడ కొనాలి

మన దగ్గర వెయ్యి రూపాయల లోపు నుంచి పది వేలు దాటేదాకా దొరుకుతాయి. నా సలహా, ఫ్లీస్ మీద మధ్యస్థంగా పెట్టి, మిగిలింది పై జాకెట్ మీదా బూట్ల మీదా పెట్టండి. క్రీడా సామగ్రి అమ్మే పెద్ద షాపుల సొంత బ్రాండ్ మైక్రో ఫ్లీస్‌లు ఈ పనికి బాగానే సరిపోతాయి. సాంక్రీ లాంటి ట్రెక్ ఊళ్లలో డౌన్ జాకెట్, బూట్లు, మంచులో జారకుండా బూట్లకు తగిలించే స్పైకులు అద్దెకు దొరుకుతాయి. బరువైన డౌన్ జాకెట్ అద్దెకు తీసుకోండి, ఫ్లీస్ మాత్రం సొంతది కొనుక్కోండి. అది ఒంటికి దగ్గరగా, రోజంతా ఉండేది.

అమెరికా, కెనడా చలి ప్రాంతాలకు చదువుకోవడానికి వెళ్లే పిల్లల తల్లిదండ్రులు కూడా ఇదే అడుగుతుంటారు. అక్కడ బయట మైనస్, లోపల హీటరు. బస్సు ఎక్కగానే, క్లాసులోకి వెళ్లగానే విప్పాలి. ఫుల్ జిప్ ఉన్న 100 లేదా 200 రకం ఫ్లీస్ ఒకటి ఇక్కడ కొనివ్వండి, పైన వేసుకునే బరువైన కోటు అక్కడి చలికి తగినట్టు అక్కడే కొనుక్కోమనండి.

8. బయలుదేరే ముందు ఇంట్లో పరీక్ష

కొన్న జాకెట్‌ను కవరులోంచి తీయకుండా కొండకు తీసుకెళ్లవద్దు. ఒక చలి పొద్దున 5 గంటలకు థర్మల్, ఫ్లీస్ వేసుకుని, బ్యాగులో నాలుగైదు నీళ్ల సీసాలు పెట్టుకుని, అపార్ట్‌మెంట్ మెట్లు అరగంట ఎక్కి దిగండి. వికారాబాద్ వాళ్లకు అనంతగిరి కొండలున్నాయి, విశాఖ వాళ్లకు తూర్పు కనుమలే ఉన్నాయి. తర్వాత డాబా మీద గాలికి పది నిమిషాలు కదలకుండా నిలబడండి. వీపు ఎంత తడిగా ఉంది, ఎంతసేపట్లో ఆరింది, చంకల్లో ఒరుసుకుందా అన్నది ఆ పది నిమిషాల్లో తెలిసిపోతుంది.

మరో పరీక్ష. ఒక చెయ్యి భాగాన్ని నీళ్లలో ముంచి, గట్టిగా పిండి, రెండుసార్లు విదిలించి ఫ్యాను కింద ఆరేయండి. మంచి మైక్రో ఫ్లీస్ గంట, గంటన్నరలో ఒంటికి వేసుకునేంతగా ఆరుతుంది. సాయంత్రానికి కూడా చెమ్మ ఉంటే దానిలో నూలు కలిపి ఉండవచ్చు. లేబుల్ మళ్లీ చదివి, మార్చుకునే గడువు దాటకముందే వెనక్కి ఇచ్చేయండి.

9. కొండ మీద వాడటం

బయలుదేరేటప్పుడు కొంచెం చలి వేస్తూ ఉండాలి. ఆ గైడ్ చెప్పింది ఇదే. ఒళ్లు వేడెక్కాక సరిగ్గా సరిపోతుంది. పది నిమిషాలు నడిచాక ఒకసారి ఆగి, మెడ దగ్గర చెయ్యి పెట్టి చూసుకోండి. చెమ్మ తగిలితే ముందు జిప్పు సగం దించండి, తర్వాత టోపీ తీయండి, అప్పటికీ చెమట పడుతుంటే పై జాకెట్ తీసేయండి. ఫ్లీస్ తీయాల్సి వస్తే మొహమాటపడకండి. మైనస్ 3లో థర్మల్ ఒక్కదానితో ఎక్కే గఢ్వాలీ పోర్టర్లను చూస్తే ఒళ్లు ఎంత వేడి పుట్టిస్తుందో అర్థమవుతుంది.

ఆగినప్పుడు దీనికి తలకిందులు. చలి వేసేదాకా ఎదురుచూడకూడదు. బ్యాగు కింద పెట్టిన వెంటనే, నీళ్లు తాగకముందే, ఫ్లీస్ మీద గాలి ఆపే జాకెట్ గానీ డౌన్ గానీ వేసేసుకోండి. ఉన్న వేడిని పట్టి ఉంచడం సులువు, పోయినదాన్ని మళ్లీ తెచ్చుకోవడం చాలా కష్టం. డౌన్ జాకెట్‌ను బ్యాగులో అన్నిటికంటే పైన పెట్టుకోండి, అడుగున ఉంటే తీయడానికి బద్ధకించి ఊరుకుంటాం.

రాత్రి చెమ్మగా ఉన్న ఫ్లీస్‌ను టెంటులో తాడు మీద ఆరేస్తే పొద్దునకు బిర్రుగా గడ్డకడుతుంది. స్లీపింగ్ బ్యాగులో పొట్ట దగ్గర పెట్టుకుని పడుకోండి, ఒంటి వేడికి ఆరిపోతుంది. నీళ్లు కారేంత తడిగా ఉంటే మాత్రం అలా చేయకండి, స్లీపింగ్ బ్యాగు కూడా తడుస్తుంది. తడి లోదుస్తులు మార్చుకోకుండా పడుకుంటే ఎంత మంచి ఫ్లీస్ ఉన్నా రాత్రంతా వణుకుతారు.

మంట దగ్గర జాగ్రత్త. పాలిస్టర్ కాలినప్పుడు బూడిద కాదు, కరిగి చర్మానికి అంటుకుంటుంది. స్టవ్ దగ్గర వంట చేసేవాళ్లు, చలిమంట కాగేవాళ్లు ఫ్లీస్ చేతులు వేలాడకుండా చూసుకోవాలి. పిల్లల్ని అసలు దగ్గరికి రానివ్వకండి.

10. ఉతకడం, దాచడం

లోపలిది బయటికి తిప్పి, జిప్పులు వేసి, చల్లటి నీళ్లలో కొద్దిగా లిక్విడ్ డిటర్జెంట్‌తో నిదానంగా ఉతకండి. బండకేసి బాదకండి, బ్రష్ పెట్టి రుద్దకండి, నూగు తెగిపోతుంది. బట్టలకు మెత్తదనం, సువాసన తెచ్చే కండిషనర్ వాడవద్దు. అది పోగుల మీద జిడ్డు పొరలా పేరుకుని చెమట కదలకుండా చేస్తుంది. ఇస్త్రీ అక్కర్లేదు, చేస్తే నూగు కరుగుతుంది. నీడలో, గాలికి ఆరేయండి.

ఉతికిన ప్రతిసారీ ఫ్లీస్ నుంచి కంటికి కనపడని పీచు నీళ్లలో కలుస్తుంది. అది ప్లాస్టిక్కే, డ్రైనేజీ నుంచి చెరువుల్లోకి, నదుల్లోకి పోతుంది. మనం ఏ కొండల అందం కోసం వెళ్తామో ఆ నీళ్లలోకి మన బట్టే ప్లాస్టిక్ పంపడం నాకు బాధగా ఉంటుంది. అందుకని ట్రెక్ అంతటికీ కలిపి ఒక్కసారే ఉతుకుతాను, మధ్యలో గాలికి ఆరేసి సరిపెడతాను. సన్నటి జాలీ సంచిలో వేసి ఉతికితే పీచు కొంతవరకు ఆ సంచిలోనే నిలుస్తుంది. ఒరుసుకోకుండా ఉండాలంటే జీన్సుతో కలిపి మెషీన్‌లో వేయకండి.

ఇంట్లో ఉన్నన్నాళ్లూ కుక్కి మూట కట్టకుండా హ్యాంగరుకు తగిలించి ఉంచండి, నూగు అణగదు. నా గ్రిడ్ ఫ్లీస్ కుడి మోచేతి దగ్గర బియ్యపు గింజంత కన్నం ఉంది, ఒక చలిమంట దగ్గర నిప్పురవ్వ పడి కరిగింది. దాని చుట్టూ గట్టిపడిన అంచును కత్తెరతో తీసేసి, లోపలి వైపు నుంచి పాలిస్టర్ దారంతో నాలుగు కుట్లు వేశాను. నూలు దారం వాడితే అది తడి పీల్చి ముందు తెగిపోతుంది. ఆ కుట్లు ఇప్పటికి రెండు శీతాకాలాలు ఆగాయి.